ఎనిమిదో అంశం

యోరున్ ఉత్తరం నాలుగు పేజీలు.
ఇల్లమ్మి ఇంకా అయిదు నెలలే.
ప్రతి లోపానికీ ఓ నంబరు, ఓ ఫొటో,
ఫొటోలో పక్కనే పసుపు కొలబద్ద.

మొదటిది, వంటింటి తలుపు మూసుకోదు.
మూసుకుంటుందమ్మా.
గడియ దగ్గర కాస్త పైకెత్తి
నడుంతో ఒక్క తోపు తోయాలి.
రెండు చేతుల్లో రెండు పళ్లేలతో
ముప్ఫయ్యొక్క ఏళ్లు అలాగే మూశాను.
ఆ నడుం ఇప్పుడు నాతోపాటు
ఈ మూడో అంతస్తు ఫ్లాటులో ఉంది,
తోయడానికి తలుపు లేక.

మూడోది, హాలు నేల పడమటికి వాలింది.
ఈ సంగతి మా వాడి గోళీలకి ఎప్పుడో తెలుసు.
ఎక్కడ వదిలినా పొయ్యి కిందికే పరుగు.

అయిదోది, మెట్లలో ఆరోది కిర్రుమంటుంది.
అర్ధరాత్రి ఫెర్రీ డ్యూటీ దిగి వచ్చే ఓద్వార్
ఆ ఒక్క మెట్టూ దాటి అడుగేసేవాడు,
నా నిద్ర చెడకూడదని.
నేను మెలకువగానే ఉండేదాన్ని.
నాలుగు, అయిదు, తర్వాత ఓ ఖాళీ.
ఆ ఖాళీ వినబడితే
మనిషి ఇల్లు చేరినట్టు.
దీన్ని ఏ ఇంజనీరు ఏ గడిలో నింపుతాడు?

లాయరు హెల్గే ఫోనులో నవ్వాడు.
"కొండవాలు మీద పాత చెక్క ఇల్లు,
పైన బెర్గెన్ వాన.
కనిపించేవన్నీ చూసే కొన్నారు.
కనిపించనివి మీ ఎరుకలో లేవు.
అంతే, రెండు వాక్యాలు. కింద సంతకం."

ఏడు దాకా సాఫీగా రాశాను.

ఎనిమిది: నేలమాళిగ గదిలో ఉత్తరపు గోడ,
బీరువా జరిపితే తడి.
కొత్త రంగు పెచ్చులూడి, కింద నల్ల బూజు.
దాని కింద చిన్న అక్షరాల్లో, నంబరు లేకుండా:
ఆ గదిలో పడుకున్నప్పటినుంచీ పాపకి దగ్గు.

ఫొటోలు తీసేవాడు రావడానికి తొమ్మిది రోజుల ముందు
ఆ గోడకి బ్లీచింగు కొట్టింది నేను.
హీటరు పెట్టి రెండు రాత్రులు కాపలా కాసింది నేను.
తెల్ల రంగు, రెండు కోటింగులు.
పైన పటారం, లోన లొటారం,
మధ్యలో నా బ్రష్షు.
ఇల్లు చూడ్డానికి జనం వచ్చిన ఆదివారం
ఏలకుల బన్నులు కాల్చాను,
ఒక వాసన ఇంకో వాసనని కప్పుతుందని.
యోరున్ రెండు తింది.
బీరువా మీద చెయ్యేసి "ఇదీ ఇస్తారా" అంది.
ఊరికే తీసుకో, అన్నాను.
తేలు కుట్టిన దొంగకి
అంత చల్లని నవ్వు ఎక్కడిదో.

గోడలకి చెవులుంటాయని విన్నాను.
నోరుంటుందనీ,
అయిదు నెలలాగి మాట్లాడుతుందనీ ఎవరూ చెప్పలేదు.

ఆ తడి వయసు నాలుగేళ్లు.
ఓద్వార్ పోయీ అంతే.
ఏటా అక్టోబరులో ఇంటి వెనక మోకాళ్ల మీద కూర్చుని
కాలువలోంచి కుళ్లిన ఆకులు తోడేవాడు.
ఆ చలిలో ఏం పని అని కసిరేదాన్ని.
ఆయన వెళ్లాక ఆ పని
ఎవరిదీ కాకుండా పోయింది.
కొండ మీది నీళ్లకి అది తెలిసింది.

హెల్గే కాగితం పక్కన పెట్టి
వేరే కాగితం తీశాను.

యోరున్,
ఎనిమిదోది నా ఎరుకలో ఉంది.
రంగు వేసింది నేనే.
పాపని ఈ రాత్రే పై గదిలోకి మార్చు.
ఎండుద్రాక్ష రంగు పొద కింద ఇనప మూత ఉంటుంది,
చలికి బిగుసుకుపోతుంది, గడ్డపారతో లేపించు.
ఖర్చు ఎంతో రాయించి పంపు.
తలుపు మాట మాత్రం నేనొప్పుకోను,
నడుం వాడి చూడు.

ఆరో మెట్టుని బాగుచేయించవద్దని
ఒక వాక్యం రాసి, కొట్టేశాను.
ఇల్లు ఆమెది.

కవరు అంటించాక చూశాను,
కొట్టేసింది చదవడానికి వీలుగానే ఉండిపోయింది.